కుక్కకు మన నొప్పి మాత్ర పావు వంతు వేస్తే ఏమవుతుంది? జంతువుల మందు వేరుగా ఎందుకు తయారుచేస్తారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ కుక్క బరువు 15 కిలోలు, రెండు రోజులుగా వెనక కాలు కుంటుతోంది. ఇంట్లో మనుషులు వాడే ఐబుప్రొఫెన్ మాత్రలు ఉన్నాయి. దాని బరువు మనిషి బరువులో నాలుగో వంతు కాబట్టి పావు మాత్ర వేస్తే తప్పేముంది? లోపలి మందు ఒకటే అయినప్పుడు జంతువులకని వేరుగా ఎందుకు తయారుచేస్తారు, దాన్ని ఎలా పరీక్షిస్తారు?

ముందు సూటిగా జవాబు. వేయకండి. పావు కాదు, చిన్న ముక్క కూడా వద్దు. ఐబుప్రొఫెన్ కుక్కలో నొప్పి తగ్గించే మోతాదుకూ, కడుపులో పుండ్లు పడేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఇంకొంచెం ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. కుక్కల మీద పరీక్షించి, కుక్కల కోసమే అనుమతి పొందిన నొప్పి మందులు ఉన్నాయి. కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటివి. అవి కూడా డాక్టరు చూసి, కిడ్నీలు, లివరు బాగున్నాయని తెలుసుకుని రాయాల్సినవే.

ఇక రెండో ప్రశ్న. నేను పశువైద్యంలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. మొదటి పదకొండేళ్లు ప్రాక్టీసు చేశాను, ఆ తర్వాత నుంచి కొత్త మందుల ఫీల్డ్ ట్రయల్స్ చూస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది చెబుతాను. మందు అంటే అందులో ఉన్న రసాయనం ఒక్కటే కాదు. అది ఏ జంతువు ఒంట్లోకి వెళుతోంది, ఏ దారిలో వెళుతోంది, ఎన్ని రోజులు వెళుతోంది, ఆ తర్వాత ఆ జంతువు పాలో మాంసమో ఎవరు తీసుకుంటారు అన్నవన్నీ కలిస్తేనే అది మందు. వీటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే మందు అయినట్టే. జంతువుల మందుల పరీక్షల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

పిల్లి సంగతితో మొదలుపెడతాను. ఈ విషయం నాకు గట్టిగా నేర్పింది ఒక పిల్లే. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, ఒక ఉదయం నాలుగు కిలోల పిల్లిని తీసుకొచ్చారు. ఒళ్లు వేడిగా ఉందని ముందు రాత్రి 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలో సగం వేశారు. ముఖం ఉబ్బింది, పాదాలు వాచాయి, చిగుళ్లు గులాబీ రంగు పోయి మట్టి రంగుకు తిరిగాయి. రక్తం తీస్తే సిరంజిలోకి చాక్లెట్ రంగులో వచ్చింది. మన లివరు పారాసెటమాల్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. ఆ పని చేసే ముఖ్యమైన ఎంజైము పిల్లులకు లేదు. దాన్ని తయారుచేయాల్సిన జన్యువు పిల్లి జాతిలో ఎప్పుడో చెడిపోయింది. దాంతో మందు వేరే దారి పట్టి విషంగా మారుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది. విరుగుడుగా ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇచ్చాం, ఆక్సిజన్ పెట్టాం. అప్పటికే ఆలస్యమైపోయింది, బతకలేదు. మాత్ర వేసినవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లే. పసిపిల్లలకు కూడా ఇచ్చే మందు కదా, పిల్లిని ఏం చేస్తుంది అనుకున్నారు.

బరువు లెక్క ఎంత దారి తప్పిస్తుందో చెప్పడానికి నేను జూనియర్లకు ఎప్పుడూ చూపించే ఉదాహరణ జైలజిన్. ఇది మత్తు మందు. గుర్రానికి నరంలోకి కిలోకు 1.1 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తాం. ఆవుకు అందులో పదో వంతు చాలు. రెండూ ఇంచుమించు ఒకే బరువున్న జంతువులు. గుర్రం డోసు ఆవుకు వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మొనెన్సిన్ విషయంలో దీనికి తిరగబడిన కథ. కోళ్లలో కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా, పశువుల్లో మేత బాగా ఒంటపట్టడానికి దాన్ని దాణాలో కలుపుతారు. అదే దాణా గుర్రం తింటే గుండె కండరం దెబ్బతింటుంది. గుర్రానికి కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములే ప్రాణాంతకం. కుందేలుకు నోటి ద్వారా అమాక్సిసిలిన్ పోస్తే పేగుల్లో ఉండాల్సిన బ్యాక్టీరియా చచ్చి, ఉండకూడనివి పెరిగి, కుందేలే పోతుంది. మేకకు గొర్రె డోసు నట్టల మందు చాలదు. మేక ఒళ్లు చాలా నట్టల మందులను గొర్రె కన్నా వేగంగా విరిచేస్తుంది. ఏళ్ల తరబడి గొర్రె డోసే వేస్తూ పోతే, ఆ మందును తట్టుకున్న నట్టలే మిగిలి సంతతి పెంచుకుంటాయి.

ఒకే జాతిలోనూ తేడాలుంటాయి. ఐవర్‌మెక్టిన్ చాలా కుక్కలకు ఓ మోస్తరు మోతాదులో ఏమీ చేయదు. కోలీ అనే కుక్క జాతిలో, దానికి దగ్గరి, గొర్రెల మందలను తోలే జాతులు కొన్నింటిలో మాత్రం మందు మెదడులోకి చేరకుండా ఆపే ప్రొటీన్ లోపించి ఉంటుంది. కారణమైన జన్యులోపం 2001లో బయటపడింది. అంతకుముందు వరకూ ఇది కోలీల దురదృష్టం అనే అనుకునేవాళ్లం. అదే కోలీకి గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే కిలోకు 6 మైక్రోగ్రాముల డోసు ప్రమాదం కాదు. పశువులకు ఇచ్చే కిలోకు 200 మైక్రోగ్రాములు పడితే కోమాలోకి వెళ్లిపోవచ్చు. అందుకే పశువుల నట్టల మందు సీసా నుంచి కుక్కకు రెండు చుక్కలు వేశామని ఎవరైనా చెబితే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఐవర్‌మెక్టిన్ పేరు వచ్చింది కాబట్టి, ఒక మందు ఎలా పుడుతుందో దానితోనే చెబుతాను. 1970ల మొదట్లో జపాన్‌లో సతోషి ఒమురా ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలోంచి ఒక బ్యాక్టీరియాను వేరు చేశారు. దాన్ని అమెరికాలో మెర్క్ సంస్థకు పంపితే, విలియం క్యాంప్‌బెల్ బృందం దాన్ని పేగుల్లో పురుగులున్న ఎలుకల మీద ప్రయత్నించింది. పురుగులు పోయాయి. ఆ బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాన్ని కొంచెం మార్చి ఐవర్‌మెక్టిన్ చేశారు. 1981లో అది జంతువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. మనుషులకు ఆ తర్వాతే. నదుల పక్క ఊళ్లలో జనానికి చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కు 1987 నుంచి దాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. 2015లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. జంతువుల మందు అంటే మనుషుల మందుల్లో మిగిలిపోయిందేదో అనుకునేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

ఇక పరీక్షల సంగతి. మనుషుల మందుకూ మా మందుకూ ఒక పెద్ద తేడా ఉంది. మనిషి మందును ముందు జంతువుల మీద చూసి, ఆ ఫలితాల నుంచి మనిషికి ఎంత సురక్షితమో ఊహించాలి. మాకు ఆ ఊహ చాలావరకు అక్కర్లేదు. ఏ జంతువు కోసం మందు చేస్తున్నామో నేరుగా ఆ జంతువు మీదే చూడొచ్చు. అమెరికా, యూరప్, జపాన్ ఒకే పద్ధతిలో పరీక్షలు జరిగేలా 1996లో వీఐసీహెచ్ అనే ఏర్పాటు చేసుకున్నాయి. అందులోని భద్రతా పరీక్షలో, ఆరోగ్యంగా ఉన్న జంతువులకు మామూలు డోసు, మూడు రెట్లు, అయిదు రెట్లు చొప్పున, మామూలుగా వాడే రోజులకు మూడింతల కాలం ఇచ్చి చూస్తారు. మీ కుక్క మందు పెట్టె మీద ఉన్న డోసు వెనక ఈ అయిదు రెట్ల పరీక్ష ఉంటుంది. పావు మాత్ర వెనక ఏమీ ఉండదు.

అసలు రోగమున్న జంతువుల మీద జరిగే ఫీల్డ్ ట్రయల్ నాకు బాగా దగ్గరి విషయం. కుక్కలు మాట్లాడవు కాబట్టి వాటికి మాయ మాత్ర ప్రభావం, అంటే మందు లేని మాత్ర వేసినా బాగుపడ్డట్టు అనిపించడం, ఉండదని చాలామంది అంటారు. కుక్కకు ఉండకపోవచ్చు. దాని యజమానికి ఉంటుంది. కీళ్ల నొప్పి మందు ట్రయల్ ఒకదానిలో పన్నెండేళ్ల లాబ్రడార్ ఉండేది. మూడో వారం దాని యజమాని కళ్ల నీళ్లతో వచ్చి, రెండేళ్ల తర్వాత మెట్లెక్కింది డాక్టరుగారూ అని నా చేతులు పట్టుకున్నారు. ట్రయల్ అయ్యాక, ఏ కుక్కకు ఏది వెళ్లిందో దాచి ఉంచిన కోడ్ విప్పితే ఆ కుక్కకు వెళ్లింది మందు లేని మాత్ర. ఆయన అబద్ధం చెప్పలేదు. కీళ్ల నొప్పి కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు దానంతటదే తగ్గుతుంది. బాగుపడాలని మనసారా కోరుకునే మనిషికి తగ్గిన రోజులే కనిపిస్తాయి. ఆ కుక్కను పరీక్షించిన నేను కూడా నడక మెరుగైందని రాసుకున్నాను. అందుకే మందు ఇచ్చే మనిషి వేరు, నడక చూసి మార్కులు వేసే మనిషి వేరు ఉంటారు. ఎవరికి ఏది వెళ్లిందో ఇద్దరికీ తెలియదు. వీలైనచోట కాలు నేల మీద ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక మీద నడిపిస్తాం.

మరి మందు లేని మాత్ర పడ్డ కుక్క నొప్పితో అలా ఉండిపోవాలా అని మీరు అడగొచ్చు. ఉండదు. బాధ ఎక్కువైందని యజమానికి గానీ మాకు గానీ అనిపిస్తే ఏ క్షణంలోనైనా వేరే నొప్పి మందు ఇస్తాం. ఆ కుక్కకు ట్రయల్ మందు పనిచేయలేదనే లెక్కలో రాస్తాం. ఈ నియమం లేని ట్రయల్‌లో నేను చేరను.

రుచి కూడా మాకు సైన్సే. మాత్రను చేతిలో పెడితే ఎన్ని కుక్కలు తమంతట తాము తిన్నాయో లెక్కపెడతాం. నోరు తెరిచి గొంతులో వేయాల్సిన మాత్ర పదో రోజుకి ఏ ఇంట్లోనూ సరిగ్గా పడదు. అయితే రుచి బాగుంటే ఇంకో ముప్పు. మాంసం వాసన వేసే మాత్రల డబ్బా మొత్తం కొరికి మింగేసిన కుక్కలను ఏటా చూస్తాను. జంతువుల కోసం చేసిన మందే అయినా అల్మారాలో ఎత్తు మీద పెట్టండి.

పాడి పశువులు, మాంసం కోసం పెంచే జంతువుల విషయానికి వస్తే పని రెట్టింపవుతుంది. అక్కడ మందు పశువు దగ్గర ఆగదు. మీకు కుక్కే ఉన్నా ఈ భాగం చదవండి, ఎందుకంటే ఆ పాలు తాగేది మనమే. ప్రయోగాల్లో ఏ హానీ కనిపించని అత్యధిక మోతాదును తీసుకుని, మామూలుగా దాన్ని వందతో భాగిస్తారు. 60 కిలోల మనిషి రోజూ, జీవితమంతా తీసుకున్నా ఏమీ కాని పరిమాణం అలా వస్తుంది. ఆ మనిషి రోజూ 300 గ్రాముల కండ మాంసం, 100 గ్రాముల లివరు, 50 గ్రాముల కిడ్నీ, 50 గ్రాముల కొవ్వు, లీటరున్నర పాలు, 100 గ్రాముల గుడ్లు తీసుకుంటాడని అనుకుంటారు. అంత ఎవరూ తినరు, కావాలనే అంత ఎక్కువ పెట్టారు. ఆ లెక్క నుంచి పాలలో ఎంత, లివరులో ఎంత మందు మిగలొచ్చో హద్దు గీస్తారు. ఆఖరి డోసు తర్వాత ఎన్ని రోజులకు అవశేషం ఆ హద్దు కిందికి దిగుతుందో పశువుల్లోనే కొలుస్తారు. దాన్నే విత్‌డ్రాయల్ పీరియడ్ అంటాం. ఆ అంకె లేబుల్ మీదున్న డోసుకూ, ఆ దారికీ, అన్ని రోజులకూ మాత్రమే వర్తిస్తుంది.

దీన్ని నేను తప్పు చేసి తెలుసుకున్నాను. పొదుగువాపు బాగా ముదిరిన ఆవుకు పొదుగులో ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబులు లేబుల్‌పై ఉన్నదానికన్నా ఎక్కువ రోజులు వేయించాను. పాలు ఎన్ని పూటలు పారబోయాలని రైతు అడిగితే లేబుల్ మీదున్న అంకే చెప్పాను. ఆయన తు.చ. తప్పకుండా పాటించారు. ఆ తర్వాతి పాలు కలిసిన ట్యాంకు మొత్తం పరీక్షలో ఫెయిలైంది, పారబోశారు. ఆయన తప్పు రవ్వంత లేదు. డోసు మార్చిన రోజే పాత అంకె చెల్లదని నాకు తట్టి ఉండాలి. ఆ రోజు నుంచి లేబుల్ దాటి ఏది వాడినా, గడువు ఎంత పెంచాలో ముందు లెక్కవేసి కాగితం మీద రాసి ఇస్తున్నాను. ఇంకో మాట, పాలు మరిగిస్తే మందు పోతుందనే నమ్మకం తప్పు. చాలా యాంటీబయాటిక్‌లు ఆ వేడికి పూర్తిగా పోవు. పెన్సిలిన్ అలర్జీ ఉన్నవాళ్లకు అది చాలు.

మందు పశువును దాటి ఎంత దూరం పోతుందో చెప్పడానికి రాబందుల కథ కన్నా పెద్దది లేదు. 1990లలో భారత్, పాకిస్థాన్, నేపాల్‌లలో రాబందులు కుప్పలుగా చనిపోవడం మొదలైంది. తెల్లవీపు రాబందులు భారత్‌లో 99 శాతానికి పైగా పోయాయి. ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది. పశువులకు నొప్పికీ జ్వరానికీ వేసిన డైక్లోఫెనాక్ అది. పశువుకు అది బాగానే పనిచేసేది. ఆ పశువు చనిపోయాక కళేబరం తిన్న రాబందు కిడ్నీలు ఆగిపోయి, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం సుద్దలా పేరుకునేది. వంద కళేబరాల్లో ఒకదానికన్నా తక్కువ వాటిలో ప్రాణం తీసేంత మందు ఉన్నా, ఆ పతనం మొత్తానికి అది చాలని లెక్క తేలింది. మూడు దేశాలూ 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించాయి. రాబందులకు హాని చేయదని పరీక్షించి చూసిన మెలాక్సికామ్‌ను దాని స్థానంలో సూచించారు. నేను ప్రాక్టీసులో ఉన్న తొలి ఏళ్లలో డైక్లోఫెనాక్ ఎన్నో పశువులకు వేశాను. పశువు లేచి మేత మేస్తే పని అయిపోయిందనుకున్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు కొత్త మందు అనుమతికి వెళ్లేటప్పుడు పేడలోకి, మూత్రంలోకి, నేలలోకి ఎంత పోతుందో కూడా చూస్తున్నారు. పేడ మీద బతికే పురుగులకు ఐవర్‌మెక్టిన్ చేటు చేస్తుందని కూడా ఇలాంటి పరిశీలనల్లోనే తెలిసింది.

యాంటీబయాటిక్‌ల మీద ఒక్క మాటతో ఆగుతాను. పశువు త్వరగా బరువు పెరగడానికి రోజూ దాణాలో కొద్దికొద్దిగా కలపడాన్ని నేను మందు వాడకం అనను. యూరప్ 2006లో దాన్ని ఆపేసింది. మనుషుల్లో ఇంకేదీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను తట్టుకునే, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకే జన్యువు 2015లో చైనాలో పందుల్లోనూ మనుషుల్లోనూ కనిపించింది. భారత్ 2019లో ఆహారం కోసం పెంచే జంతువుల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. మూడు రోజుల కోర్సు రాస్తే రెండో రోజు బాగుందని ఆపకండి, అయిదో రోజు దాకా లాగకండి కూడా.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. మనుషుల మందులు జంతువులకు అసలు వాడరని నేను అనడం లేదు. మేము రోజూ వాడతాం. మూర్ఛ వచ్చే కుక్కకు ఫినోబార్బిటాల్ ఇస్తాం. కుందేళ్లకు, చిలుకలకు, తాబేళ్లకు వాటి పేరు మీద అనుమతి ఉన్న మందులు చాలా తక్కువ. వాటి వైద్యం ఎక్కువ భాగం వేరే జాతి మందులతోనే నడుస్తుంది. అమెరికాలో 1994 చట్టం దీనికి షరతులతో దారి ఇచ్చింది. యూరప్‌లో ముందు ఆ జాతి మందు, లేకపోతే ఇంకో జాతి మందు, అదీ లేకపోతే మనుషుల మందు అనే వరస ఉంది. తేడా ఏమిటంటే, ఆ నిర్ణయం తీసుకునేది ఆ జంతువును ముట్టుకుని చూసిన డాక్టరు. ఆ జాతి లివరు ఏం చేస్తుందో తెలిసిన మనిషి, ఏదైనా తేడా వస్తే బాధ్యత తీసుకునే మనిషి.

ఇక మీ కుక్క. డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా పరుగులు, గెంతులు ఆపండి, బెల్టుతోనే బయటికి తీసుకెళ్లండి. కాలు అస్సలు నేల మీద పెట్టకపోయినా, వాపు, జ్వరం ఉన్నా రేపటిదాకా ఆగొద్దు. వెళ్లినప్పుడు తూకం వేయించండి. కళ్లతో అంచనా కట్టిన బరువు నాకే ఎన్నోసార్లు తప్పింది. ఈ మధ్య ఏ కారణానికైనా స్టెరాయిడ్ పడి ఉంటే తప్పకుండా చెప్పండి. స్టెరాయిడూ నొప్పి మందూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు బాగా పెరుగుతుంది, మధ్యలో కొన్ని రోజులు ఖాళీ ఉండాలి.

ఒకవేళ ఇది చదివేలోపే పావు మాత్ర వేసేసి ఉంటే దాచకండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. వాంతి చేయించడానికి ఉప్పు నీళ్లు పోయకండి, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది. వాంతులు, నల్లటి విరేచనం, మందగించడం లాంటివి కనిపించేదాకా చూద్దామని కూర్చోకుండా వెంటనే ఫోన్ చేసి బయల్దేరండి. ఎన్ని గంటలకు వేశారో ఒక కాగితం మీద రాసుకోండి. మాత్రల స్ట్రిప్పు కూడా తీసుకెళ్లండి. ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములుందో తెలిస్తేనే అవతలి డాక్టరు లెక్క మొదలుపెట్టగలరు.